మందపాటి లైనర్ రిఫ్లెక్టివ్ షీట్‌లో తెలుగు అక్షరాల కటింగ్: వీధి బోర్డుల ఆర్డర్ మీద కేస్ స్టడీ

పని ఇది. ఒక హౌసింగ్ కాలనీకి వీధి పేర్ల బోర్డులు, మొత్తం 36. ఒక్కోటి 900 మి.మీ. పొడవు, 300 మి.మీ. ఎత్తున్న అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. బ్యాక్‌గ్రౌండ్ నీలం రిఫ్లెక్టివ్, అంటే లైటు పడితే మెరిసే షీట్. దాని మీద తెల్ల రిఫ్లెక్టివ్ షీట్‌లో కోసి అతికించే తెలుగు అక్షరాలు, కింద చిన్న సైజులో ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒంటి ఎత్తు 75 మి.మీ.; తలకట్లు, గుడులు, ఒత్తులు కలుపుకుంటే వరుస ఎత్తు 130 దాకా వస్తుంది. షీట్ ఇంజనీరింగ్ గ్రేడ్, అంటే ఫిల్మ్ లోపల సన్నటి గాజు పూసలు ఉండే రకం. మెషిన్ 2 అడుగుల సర్వో ప్లాటర్, అంటే కంప్యూటర్ ఫైల్ ప్రకారం షీట్ కోసేది; బ్లేడ్ డ్రాగ్ నైఫ్, అంటే లాగిన దిశకి తనే తిరిగే రకం; గరిష్ఠ ఒత్తిడి 500 గ్రాములు.

మామూలు స్టిక్కర్ వినైల్‌కి వాడే సెట్టింగ్‌తోనే, అంటే 45 డిగ్రీల బ్లేడ్, 100 గ్రాముల ఒత్తిడి, సెకనుకు 40 సెం.మీ. వేగంతో, మొదలుపెడితే షీట్ తెగలేదు. ఒత్తిడి పెంచుకుంటూ 260 గ్రాముల దాకా వెళ్లాక వచ్చిన ఫలితమే ఈ కేసులో చూడాల్సిన సంగతి. ఒకే అక్షరంలో ఒకచోట లైనర్ (షీట్ వెనక ఉండే, ఒలిచి పారేసే కాగితం) కూడా చీలి, బ్లేడ్ దారి కింద మెషిన్‌లో ఉండే స్ట్రిప్ మీద గీత పడింది. అదే అక్షరంలో రెండంగుళాల అవతల ఫిల్మే పూర్తిగా తెగలేదు. తలకట్టు కొసలు పైకి లేచాయి. సున్నాలు మొదలైన చోట, ముగిసిన చోట కలవకుండా వెంట్రుక మందాన అతుక్కుని ఉన్నాయి. వేస్ట్ (అక్షరాల చుట్టూ మిగిలే ఫిల్మ్) లాగితే సున్నా కూడా దాంతో పాటే లేచి వచ్చింది.

లోతు ఎక్కువైందా, తక్కువైందా? రెండూ. కాబట్టి ఒత్తిడి నాబ్ ఎటు తిప్పినా ఒక జబ్బు తగ్గి ఇంకోటి ముదురుతుంది. ఇలాంటి చోట ముందు ఆ నాబ్ మీద నుంచి చెయ్యి తీసేయాలి.

ముందు కొలత

ఈ రోల్ పట్టుకుంటే బరువుగా, బిరుసుగా ఉంటుంది. ఆ బిరుసుతనం చూసి ‘మందం షీట్, కాబట్టి గట్టిగా నొక్కాలి’ అనుకోవడం సహజం. కానీ బిరుసులో పెద్ద భాగం వెనక ఉన్న లైనర్‌ది. బ్లేడ్ కోయాల్సింది లైనర్‌ని కాదు, ఫిల్మ్‌నీ దాని కింద గమ్‌నీ మాత్రమే. అందుకే రెండిటినీ విడివిడిగా కొలవాలి.

డిజిటల్ క్యాలిపర్ చాలు, మైక్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. ఫిల్మ్‌ని నేరుగా కొలవబోతే గమ్ దవడలకు అంటుకుని లెక్క తప్పుతుంది. ముందు మొత్తం షీట్ కొలవండి. తరవాత ఫిల్మ్ ఒలిచేసి, లైనర్‌ని నాలుగు పొరలు వచ్చేలా మడిచి కొలిచి నాలుగుతో భాగించండి. మొత్తంలోంచి అది తీసేస్తే మిగిలేదే బ్లేడ్ పని. మడతల మధ్య గాలి లేకుండా దవడల్ని కాస్త నొక్కి పట్టాలి, గట్టిగా బిగించకూడదు.

ఈ రోల్‌కి వచ్చిన లెక్క: మొత్తం 0.36 మి.మీ., లైనర్ 0.17, ఫిల్మ్ గమ్‌తో కలిపి 0.19. పక్కనే ఉన్న మామూలు క్యాలెండర్డ్ (రోలర్ల మధ్య నొక్కి చేసే) వినైల్‌లో ఫిల్మ్, గమ్ కలిపి 0.10, లైనర్ 0.14. అంటే కోయాల్సిన మందం దాదాపు రెట్టింపైంది, లైనర్ మాత్రం 0.03 మాత్రమే పెరిగింది. నిజానికి మందం లైనర్ మన పక్షానే ఉంది. బ్లేడ్ కొంచెం లోతుగా దిగినా లైనర్ తట్టుకుంటుంది, చీలిపోదు. అది ఇబ్బంది పెట్టేది వేరే చోట, మెషిన్‌లో షీట్ ముందుకీ వెనక్కీ కదిలే నడకలో. ఆ సంగతి తరవాత.

తేడాలు పడిన చోట్లను చదవడం

పాడైన మీటరు షీట్‌ని పారేయకూడదు. దాన్ని బల్ల మీద పరిచి, తెగని చోట్లకు పెన్సిల్‌తో చుట్టు గీయాలి. ఆ చుట్ల అమరికను బట్టే కారణం తెలుస్తుంది.

తెగని చోట్లు షీట్ పొడవునా ఒకే గీత మీద వరుసగా వస్తుంటే కటింగ్ స్ట్రిప్‌లో గాడి పడిందని అర్థం. బ్లేడ్ కింద ఉండే ఆ తెల్ల స్ట్రిప్‌లో గాడి ఉన్నచోట షీట్ కిందికి వంగుతుంది, బ్లేడ్ చేరాల్సిన లోతు చేరదు. ఈ కేసులో ఎడమ అంచు నుంచి సుమారు 110 మి.మీ. దగ్గర అలాంటి వరుస కనిపించింది. గోరుతో రాస్తే గాడి తగిలింది. రోజూ ఒకే చోట షీట్ పెట్టి, ఒకే చోట కోతలు వేసే మెషిన్లలో ఇది మామూలే. స్ట్రిప్ మార్చారు. మార్చే ముందు పాత జిగురు మొత్తం తుడవాలి, లేకపోతే కొత్త స్ట్రిప్ కింద ఎత్తుపల్లాలు మిగిలిపోతాయి.

తెగని చోటు ప్రతి ఆకారంలోనూ మొదలు, చివర కలిసే బిందువు దగ్గరే ఉంటే అది ఓవర్‌కట్ (మొదలైన బిందువు దాటి ఇంకాస్త కోయడం) లేకపోవడం, లేదా ఆఫ్‌సెట్ (బ్లేడ్ తిరిగే ఇరుసుకీ మొనకీ మధ్య దూరం) తప్పు. ఎక్కడ చూసినా సమంగా తక్కువ తెగితే ఒత్తిడి తక్కువ. మొదటి అరమీటరు బాగుండి పోనుపోను పాడవుతుంటే బ్లేడ్ మొన అరిగింది, లేదా విరిగింది. మూలలన్నీ ఒకే పక్కకు మెలి తిరిగి ఉంటే బ్లేడ్‌ని పట్టుకునే హోల్డర్ లోపల చెత్త చేరి బ్లేడ్ తిరగడం లేదు. ఈ కేసులో చివరిది తప్ప మిగతావన్నీ ఏదో ఒక మేరకు ఉన్నాయి. 10 రెట్ల భూతద్దంలో చూస్తే మొన కొస విరిగి ఉంది. మొండి మొన కోయదు, దున్నుతుంది. అందుకే అంచులు పొడిపొడిగా వచ్చాయి. 260 గ్రాములు అడిగింది షీట్ కాదు, ఆ మొండి మొన.

గాజు పూసలున్న షీట్ బ్లేడ్‌ని మామూలు వినైల్ కంటే చాలా వేగంగా తింటుంది. రిఫ్లెక్టివ్‌కి వాడిన బ్లేడ్‌ని విడిగా డబ్బీలో పెట్టి గుర్తు రాసుకోవాలి. దాన్ని తిరిగి సన్నటి వినైల్‌కి వేస్తే ఆ పని కూడా పాడవుతుంది.

60 డిగ్రీల బ్లేడ్ ఎందుకు

డ్రాగ్ నైఫ్ అంచు నిలువుగా ఉండదు, వాలుగా ఉంటుంది. మొన వెనక, కింద ఉంటుంది. అంచు ముందుకి, పైకి వాలి ఉంటుంది. కాబట్టి ఏ క్షణంలోనైనా షీట్ లోపల ఉన్న బ్లేడ్‌కి లోతుతో పాటు కొంత పొడవు కూడా ఉంటుంది. ఆ పొడవు ఎంతన్నది వాలు మీద ఆధారపడుతుంది. లోతుని ఆ కోణం టాంజెంట్‌తో భాగిస్తే వస్తుంది. 0.22 మి.మీ. లోతుకి 30 డిగ్రీల బ్లేడ్‌కి 0.38 మి.మీ., 45కి 0.22, 60కి 0.13.

మూల తిరిగేటప్పుడు బ్లేడ్ ఈ పొడవంతటినీ షీట్ లోపలే పెట్టుకుని తిరగాలి. మామూలు వినైల్‌లో లోతు తక్కువ కాబట్టి 45 డిగ్రీలతో గడిచిపోతుంది. ఇక్కడ ఆ 0.22 మి.మీ. పొడవు తలకట్టు కొసలో తిరిగేసరికి కొసను పక్కకు నెట్టి లేపింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువగా లంబకోణం మూలలు ఉంటాయి, ఇబ్బంది అంతగా బయటపడదు. తలకట్టు కొస సన్నటి లఘుకోణం. ఆ కొసలో ఫిల్మ్‌ని పట్టుకోవడానికి గమ్ ఉండే చోటే కాస్తంత. మన లిపిలో దాదాపు ప్రతి అక్షరం నెత్తిమీదా ఈ పరీక్ష ఉంటుంది.

ఆకారం ముగిసే చోట కూడా ఇదే లెక్క. పై పొర తెగినంత దూరం అడుగు పొర తెగదు, అదే 0.13 లేదా 0.22 మి.మీ. వెనకబడుతుంది. సున్నాలు కలవకపోవడానికి కారణం అదే. ఓవర్‌కట్ ఆ పొడవు కంటే ఎక్కువ ఉండాలి. 60 డిగ్రీల బ్లేడ్‌కి 0.3 మి.మీ. పెట్టారు. 0.5 పెడితే తలకట్టు కొస దాటి బయటకు గీత పోతుంది. అది పక్కన ఉన్న వేస్ట్‌లో పడే గీతే కానీ, రెండు అక్షరాలు దగ్గరగా ఉంటే పక్క అక్షరం అంచుని గీస్తుంది.

బ్లేడ్ కోణం మార్చినప్పుడు ఆఫ్‌సెట్ కూడా మార్చాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. పాత 45 డిగ్రీల బ్లేడ్ ఆఫ్‌సెట్ 0.25, కొత్త బ్లేడ్ పెట్టె మీద 0.50 అని ఉంది. 60 డిగ్రీలవన్నీ 0.50 అనుకోకూడదు, 0.25వీ దొరుకుతాయి. పెట్టె మీద ఉన్నది చదివి మెషిన్‌లో అదే కొట్టాలి. సరిపోయిందో లేదో 20 మి.మీ. చతురస్రం కోసి చూస్తే తెలుస్తుంది. మూలలు గుండ్రంగా అరిగినట్టు వస్తే ఆఫ్‌సెట్ తక్కువైంది. మూల దగ్గర చిన్న కొమ్ములా బయటకు పొడుచుకువస్తే ఎక్కువైంది. 0.05 చొప్పున సరిచేసుకోవచ్చు. తలకట్టు చూసి ఆఫ్‌సెట్ సరిదిద్దబోకండి, అక్కడ మూడు నాలుగు లోపాలు కలిసి కనిపిస్తాయి. చతురస్రం అబద్ధం చెప్పదు.

బ్లేడ్ ఎంత బయటకు ఉండాలి

ఫిల్మ్, గమ్ మందానికి లైనర్‌లో సగం కలిపితే వచ్చేది గరిష్ఠ హద్దు. ఇక్కడ 0.19కి 0.085 కలిపితే 0.275. హోల్డర్ మూతి నుంచి బ్లేడ్ ఇంతకు మించి బయటకు రాకూడదు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., అందులో సగం బయట పెట్టమనే వాడుక ఒకటి ఉంది. ఆ లెక్కన 0.38 అవుతుంది, అంటే ఈ షీట్ మొత్తం మందం కంటే ఎక్కువ. లైనర్ చీలి స్ట్రిప్‌కి గాళ్లు పడేది ఇలాంటి అలవాటు వల్లే.

కంటితో 0.27 కొలవడం కుదరదు కాబట్టి చేత్తో పరీక్ష చేయాలి. హోల్డర్‌ని మెషిన్‌లోంచి తీసి, పెన్నులా నిలువుగా పట్టుకుని, అదే షీట్ ముక్క మీద గట్టిగా నొక్కి గీయండి. మూతి షీట్‌కి ఆనేంత నొక్కాలి. ఫిల్మ్ పూర్తిగా తెగి, లైనర్ మీద గోరు గీసినంత గుర్తు మాత్రమే పడితే అదే సరైన లోతు. లైనర్ తిప్పి వెనక వైపు వేలితో రాస్తే గీత తగలకూడదు. వెనక గీత తగిలితే హోల్డర్‌లో బ్లేడ్‌ని పావు తిప్పు వెనక్కి.

మూతిని షీట్‌కి ఆనించి లోతుని మూతితోనే అదుపు చేసే పద్ధతి మామూలు వినైల్‌లో బాగానే పనిచేస్తుంది. రిఫ్లెక్టివ్‌లో వద్దు. మూతి రాసుకుంటూ పోయిన దారి పగలు కనిపించదు, రాత్రి లైటు పడినప్పుడు గీతలుగా మెరుస్తుంది. వీధి బోర్డు పనికొచ్చేదే ఆ వెలుతురులో. అందుకే లోతు హద్దుని బ్లేడ్ పొడుగుతో బిగించి, అసలు లోతుని ఒత్తిడితో తెచ్చుకోవాలి. మూతి షీట్‌కి తగిలీ తగలనట్టు ఉండాలి.

కొత్త బ్లేడ్, కొత్త స్ట్రిప్ వేశాక 100 గ్రాముల నుంచి 10 చొప్పున పెంచుతూ వెళ్తే ఈ షీట్ 160 దగ్గర శుభ్రంగా తెగింది. 260 ఎక్కడ, 160 ఎక్కడ. వేగం సెకనుకు 10 సెం.మీ., యాక్సిలరేషన్ (మెషిన్ వేగం అందుకునే దూకుడు) మెషిన్‌లో ఉన్న అతి తక్కువ మెట్టు. ఒత్తులున్న వరుసలకి 8కి దించారు. ఒక్కో బోర్డుకి సమయం పెరుగుతుంది కానీ, ఒత్తు ఒకటి లేచిపోతే ఆ పదం మొత్తం మళ్లీ కోయాలి.

టెస్ట్ కట్ చదవడంలో ఒక మాట. చతురస్రం లోపల త్రికోణం కోసి, త్రికోణాన్ని మాత్రమే లేపాలి. చతురస్రం కదలకుండా త్రికోణం ఒక్కటే వస్తే సరే. తరవాత ఖాళీ లైనర్ మీద స్కెచ్ పెన్ ఇంకు రాసి గుడ్డతో తుడిస్తే గీతలో ఇంకు నిలుస్తుంది. గీత అంతటా ఒకే సన్నదనంలో ఉండాలి. తెగి తెగి ఉంటే 10 గ్రాములు పెంచాలి, మూలల్లో చిక్కగా ఉంటే యాక్సిలరేషన్ తగ్గించాలి.

ఒకే చోట రెండుసార్లు కోసే డబుల్ పాస్ ఇక్కడ వాడలేదు. తక్కువ ఒత్తిడితో రెండుసార్లు కోస్తే అంచు బాగుంటుందన్న మాట నిజమే, కానీ షీట్ వెనక్కీ ముందుకీ నడిచాక బ్లేడ్ అదే గీతలో పడాలి. బిరుసు లైనర్ ఉన్న షీట్‌లో ఆ నమ్మకం తక్కువ. రెండో కోత 0.1 మి.మీ. పక్కకు పడినా తలకట్టు అంచున సన్నటి పీలిక మిగులుతుంది.

షీట్ నడక

మందం లైనర్ అసలు బాధ పెట్టేది ఇక్కడే. రోల్ లోపలి చుట్లకి వచ్చేసరికి షీట్ వంపు తిరిగి, రోలర్ల మధ్య గుమ్మటంలా లేస్తుంది. లేచినచోట బ్లేడ్ ముందే తగిలి, లోతు మారుతుంది. ఒక బోర్డుకి కావాల్సిన పొడవు, దాని మీద 200 మి.మీ. అదనం కత్తిరించి, బల్ల మీద తిరగేసి బరువు పెట్టి కాసేపు ఉంచితే వంపు చాలావరకు తగ్గుతుంది. రోల్ నుంచి నేరుగా లాగనిస్తే మోటార్ మీద భారం పడి అక్షరాలు పొడవు వైపు కుదించుకుపోతాయి.

పించ్ రోలర్లు (షీట్‌ని పైనుంచి నొక్కేవి) గ్రిట్ రోలర్ (కింద షీట్‌ని నడిపే గరుకు రోలర్) మీదే సరిగ్గా కూర్చోవాలి, రెండు అంచుల్లో ఒక్కోటి, మధ్యలో ఒకటి. మధ్య రోలర్ అక్షరాల మీద నడవకుండా వరుసల మధ్య ఖాళీలోకి జరపాలి, లేకపోతే ఫిల్మ్ మీద దాని అచ్చు పడుతుంది. కోసే ముందు బ్లేడ్ తీసి పెన్ను పెట్టి, పొడవునా ఒక గీత గీయించి, అదే గీతను ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిపించాలి. పెన్ను గీత లావెక్కకుండా ఒకటిగానే కనిపిస్తే షీట్ నిటారుగా నడుస్తోంది.

వానాకాలంలో కాగితం లైనర్ తేమ పీల్చి అంచుల్లో అలలు అలలుగా లేస్తుంది. తెరిచిన రోల్‌ని మళ్లీ పాలిథిన్ కవర్‌లోనే నిలబెట్టాలి.

ఫైల్‌లో చేయాల్సింది

మెషిన్ ఎంత బాగున్నా ఫైల్ సరిగా లేకపోతే తెలుగు అక్షరం ముక్కలవుతుంది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) గుణింతం, ఒత్తు వేర్వేరు ముక్కలుగా అక్షరం మీద పడతాయి. ప్రింట్‌లో ఒకటిగానే కనిపిస్తాయి, కటింగ్‌లో మాత్రం ఒకదాన్నొకటి దాటుకుంటూ కోతలు పడతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో కర్వ్స్‌లోకి (ఫాంట్ కాని మామూలు గీతల్లోకి) మార్చి, ఒక్కో అక్షరాన్ని దాని గుణింతంతో కలిపి ఒకే ఆకారంగా వెల్డ్ చేయాలి. వెల్డ్‌కి ముందు బ్రేక్ అపార్ట్ కొట్టకూడదు. కొడితే సున్నా లోపలి రంధ్రం విడిపోతుంది, వెల్డ్ చేసేసరికి పూడిపోయి సున్నా చుక్క అవుతుంది. యూనికోడ్ ఫాంట్లలో కూడా కొన్ని జోడింపులు ఇలాగే ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి వైర్‌ఫ్రేమ్‌లో (రంగు లేకుండా గీతలే కనిపించే వ్యూలో) ప్రతి పదం చూడాలి.

స్కాన్ చేసి ట్రేస్ చేసిన డిజైన్ అయితే నోడ్లు, అంటే గీతను మలిచే బిందువులు, తగ్గించాలి. ఒక్కో నోడ్ దగ్గర బ్లేడ్ దిశ సర్దుకుంటుంది. గుండ్రటి ‘ర’కి వందల నోడ్లు ఉంటే మెషిన్ వణుకుతూ కోస్తుంది, గాజు పూసల షీట్‌లో ఆ వణుకు అంచున రంపం పళ్లలా కనిపిస్తుంది.

ఈ షీట్‌లో గీత మందం 2.5 మి.మీ. కంటే తక్కువ ఉన్న ఒత్తుల్ని లావు చేశారు. ‘థ’, ‘ఠ’ లోపలి చుక్క వ్యాసం 4 మి.మీ.కి పెంచారు. అంతకంటే చిన్న చుక్కకి గమ్ పట్టు చాలదు, వేస్ట్‌తో లేచిపోతుంది. తలకట్టు కొసల్ని 0.3 మి.మీ. గుండ్రం చేస్తే చూసేవాళ్లకి తెలియదు, కొస లేవడం దాదాపు ఆగిపోయింది. కోసే క్రమం లోపలి ఆకారాలు ముందు, బయటి గీత తరవాత. పదం చుట్టూ, పదాల మధ్య వేస్ట్ గీతలు (వేస్ట్ ముక్కలుగా వచ్చేలా కోసే గీతలు) కూడా ఫైల్‌లోనే పెట్టారు.

వేస్ట్ పీకడం

కోసిన రోజే పీకాలి. రాత్రంతా వదిలేస్తే గమ్ కోతలోకి పాకి మళ్లీ అతుక్కుంటుంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్‌లో అయితే రెండు మూడు గంటలు చాలు. మధ్యాహ్నం కంటే ఉదయం పీకడం తేలిక, గమ్ గట్టిగా ఉంటుంది.

వేస్ట్‌ని పైకి లేపకూడదు. దాదాపు దాని మీదికే మడిచి, బల్లకు ఆనించి వెనక్కి లాగాలి. పైకి లేపితే ఒత్తులు లేస్తాయి. రిఫ్లెక్టివ్ ఫిల్మ్ సాగదు, ఎక్కడైనా చిన్న గాటు ఉంటే అక్కడి నుంచి టపీమని చిరుగుతుంది. వేస్ట్ గీతలు పెట్టుకున్నది అందుకే, ఒక్కో పదం చుట్టూ ఉన్న ముక్క విడిగా వస్తుంది. ఒత్తు దగ్గరకు రాగానే రెండో చేత్తో స్కేల్ అంచుని ఒత్తు మీద ఆనించి, మరో వైపు నుంచి లాగాలి. సున్నాల లోపలివి, చుక్కల చుట్టూ ఉన్నవి చివర్లో, మొన ఉన్న ట్వీజర్‌తో.

ట్రాన్స్‌ఫర్ టేప్ (అక్షరాల్ని అమరిక చెదరకుండా లేపి బోర్డు మీదికి మార్చేది) కాస్త ఎక్కువ పట్టు ఉన్నది కావాలి. మందం ఫిల్మ్ బరువుకి మామూలు పేపర్ టేప్ నుంచి ఒత్తులు జారిపోతాయి. అతికించేటప్పుడు నీళ్లు వాడలేదు, పొడిగానే, మధ్య నుంచి అంచులకు స్క్వీజీతో (నొక్కి రాసే పలకతో).

ఆర్డర్ అంతా ఇదే సెట్టింగ్‌తో సాగింది: 60 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 0.50, ఓవర్‌కట్ 0.3, 160 గ్రాములు, 10 సెం.మీ. వేగం. బ్లేడ్ అరిగేకొద్దీ ఒత్తిడి 180 దాకా పెంచారు. అక్కడా అంచు పొడి రాలడం మొదలైతే ఇంకా పెంచకుండా బ్లేడ్ మార్చారు. రంగు మారినా, బ్యాచ్ మారినా ఫిల్మ్, లైనర్ మందాలు కాస్త తేడా పడతాయి కాబట్టి కొత్త రోల్ వేసినప్పుడల్లా క్యాలిపర్ కొలత, చేతి గీత, త్రికోణం టెస్ట్ మళ్లీ చేయాల్సిందే.

గాజు పూసల బదులు ప్రిజం పలకలు ఉండే హై గ్రేడ్ షీట్లకి ఈ సెట్టింగ్ పనికిరాదు. ఫిల్మ్ ఇంకా మందం, గట్టి. రోల్ ప్లాటర్‌లో డ్రాగ్ నైఫ్‌తో పొడుగు సరళరేఖలు, పెద్ద అక్షరాలు వస్తాయేమో గానీ తెలుగు ఒత్తులు రావు. అలాంటి ఆర్డర్ వస్తే ఫ్లాట్‌బెడ్ కట్టర్ ఉన్నవాళ్లకి కోతకి ఇవ్వడమే మేలు.